దాచుకున్న విత్తనం నేరమా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానాకాలం దగ్గర పడిందంటే మాకు విత్తనాల మీద ఉత్తరాలు, మెసేజులు వస్తూనే ఉంటాయి, ఏ రకం వేయాలి, ఏది పురుగు తట్టుకుంటది అని. ఈసారి మాత్రం చాలామంది వేరే సంగతి అడిగారు, సొంత విత్తనం దాచుకున్నా, ఇంకొకరికి ఇచ్చినా కేసు అవుతుందా అని. ఇంతమంది ఒకేసారి అడుగుతున్నారంటే ఎక్కడో ఎవరో భయపెడుతున్నట్టే, అందుకే ఈ నెల పేజీలు మొత్తం దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: సార్, మాది చేవెళ్ల దగ్గర ఊరు. తెలంగాణ సోనా వరి పెట్టినం, మంచిగ పండింది. విత్తనానికని కొన్ని బస్తాలు పక్కన పెట్టినం, మా బామ్మర్దికి, ఊర్ల ఇంకో ఇద్దరికి ఇద్దామని. ఫెర్టిలైజర్ షాపాయన లైసెన్సు లేకుండా విత్తనం ఇస్తే జైలుకు పోతవ్ అంటున్నడు. నిజమేనా?

జవాబు: నిజం కాదన్నా. మీ పొలంలో పండిన వడ్లు మీరు విత్తనానికి దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, బామ్మర్దికి ఊరికే ఇవ్వచ్చు, పక్క పొలమాయన దగ్గర ఇంకో రకానికి మార్చుకోవచ్చు, డబ్బులు తీసుకుని అమ్మచ్చు కూడా. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఉంది, దాంట్లో 39వ సెక్షన్‌లో ఈ పనులన్నీ ఒక్కోటి పేరు పెట్టి మరీ రాశారు. ఆ రకం మీద ఏ కంపెనీకో యూనివర్సిటీకో రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఈ చట్టం రాకముందు రైతుకి ఏ హక్కు ఉండేదో అదే ఉంటుందని స్పష్టంగా ఉంది.

షాపాయన చెప్పే లైసెన్సు వేరే సంగతి. 1983 విత్తనాల నియంత్రణ ఉత్తర్వు కింద విత్తన వ్యాపారం చేసేవాళ్లు లైసెన్సు తీసుకోవాలి, అంటే ఆయనకి కావాలి. 1966 విత్తనాల చట్టం తీసి చూడండి, 24వ సెక్షన్‌లో ఏం ఉందంటే, ఒక మనిషి తాను పండించిన విత్తనాన్ని తన సొంత స్థలంలోనే, విత్తుకునే మనిషికి నేరుగా ఇచ్చినా అమ్మినా ఆ చట్టం వర్తించదు అని. అరవై ఏళ్ల నాటి మాట ఇది, ఇప్పటికీ ఉంది. మీ ఇంటి దగ్గరకో కల్లం దగ్గరకో వచ్చి తీసుకుపోయే మీ బామ్మర్దికి ఇవ్వడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అదే మీరు ఆటోలో వేసుకుని సంతకి తీసుకెళ్లి అమ్మినా, షాపులో పెట్టించి అమ్మించినా ఈ మినహాయింపు దొరకదు, అది వ్యాపారం కిందికి వస్తుంది.

ఇంకొక్క హద్దు ఉంది, ఇది మాత్రం గట్టిగా గుర్తు పెట్టుకోండి. రక్షణ ఉన్న రకాన్ని, అంటే ఆ చట్టం కింద రిజిస్టర్ అయిన రకాన్ని, ప్యాకెట్లో పోసి, లేబుల్ వేసి, ఫలానా రకం అని బ్రాండు విత్తనంలా అమ్మకూడదు. బ్రాండు లేకుండా ఇస్తే హక్కు, బ్రాండు వేసి అమ్మితే తప్పు. కొంతమంది రైతులు మంచి మనసుతోనే పాత కంపెనీ సంచుల్లో వడ్లు పోసి ఇస్తారు, సంచి మీద పేరు అట్లాగే ఉంటుంది, రేపు ఎవరైనా కంప్లయింట్ ఇస్తే ఆ సంచి చూపించే ఇరికిస్తారు. మామూలు గోనె సంచిలో ఇవ్వండి, అంతే.

చట్టం సంగతి అయిపోయింది, ఇప్పుడు విత్తనం సంగతి, ఎందుకంటే హక్కు ఉందని మొలవని విత్తనం ఇస్తే బామ్మర్ది ఊరుకోడు. వరి తన పుప్పొడితో తానే గింజ కట్టే పంట, అందుకే మంచి మడి నుంచి తీస్తే రెండు మూడేళ్లు రకం పెద్దగా చెడదు. విత్తనానికి అనుకున్న మడిలో ఈనిక దశలో ఒకసారి, గింజ గట్టిపడేటప్పుడు ఇంకోసారి తిరిగి కేళీలు పీకేయండి, ఎత్తు తేడా ఉన్నవి, ముందే ఈనినవి, గింజ రంగు వేరుగా ఉన్నవి అన్నీ. ఆ మడి వడ్లు విడిగా నూర్చాలి, పక్క రకం కోసిన హార్వెస్టర్ శుభ్రం చేయకుండా మీ మడిలో దింపితే పడ్డ కష్టమంతా వేస్టు. పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరిగేదాకా ఎండాలి. ఇచ్చే ముందు వంద గింజలు లెక్కపెట్టి తడి గోనె పట్టాలో చుట్టి నీడలో పెట్టండి, రోజూ కాస్త నీళ్లు చల్లండి, వారం తర్వాత విప్పి చూస్తే ఎన్ని మొలిచాయో అదే మీ మొలక శాతం. సర్టిఫైడ్ వరి విత్తనానికి సర్కారు పెట్టిన లెక్క 80 శాతం, మీది అంతకన్నా ఎక్కువ వస్తే ధైర్యంగా ఇవ్వండి.

ప్రశ్న: నేను హైటెక్ సిటీలో జాబ్ చేస్తాను, మా నాన్న ఊళ్లో వ్యవసాయం. గుజరాత్‌లో ఆలుగడ్డ రైతుల మీద కోటి రూపాయల కేసు వేశారని ఎక్కడో చదివాను. రైతుకి అంత హక్కు ఉంటే ఆ కేసు ఎలా పడింది?

జవాబు: మంచి ప్రశ్న. 2019 ఏప్రిల్‌లో పెప్సికో కంపెనీ చిప్స్‌కి వాడే ఎఫ్‌సీ-5 అనే ఆలుగడ్డ రకం మీద గుజరాత్‌లోని సాబర్‌కాంఠా రైతుల మీద కోర్టుకి వెళ్లింది, నలుగురి మీద ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకి పైనే నష్టపరిహారం అడిగింది. మూడు నాలుగెకరాల రైతుని పట్టుకుని కోటి అడగడం ఏంటని దేశమంతా గొడవ అయింది, రైతు సంఘాలు అదే 39వ సెక్షన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాయి, మే నెలలోనే కంపెనీ కేసులు వెనక్కి తీసుకుంది.

అక్కడితో ఆగలేదు. రైతుల హక్కుల కోసం పనిచేసే కవిత కురుగంటి ఆ రకం రిజిస్ట్రేషనే చెల్లదని పిటిషన్ వేశారు, 2021 డిసెంబర్‌లో ఆ రిజిస్ట్రేషన్లు ఇచ్చే మొక్కల రకాల అథారిటీ దాన్ని రద్దు చేసింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఆ రద్దు కరెక్టే అన్నారు, 2024 జనవరిలో అదే కోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ రద్దుని కొట్టేసింది. దీంతో రైతులు ఓడిపోయారని కొందరు ప్రచారం చేశారు, అది తప్పు. ఆ తీర్పు కంపెనీ రిజిస్ట్రేషన్ నిలవాలా వద్దా అన్నదాని మీద, రైతు విత్తనం దాచుకునే హక్కుని అది ముట్టుకోలేదు. అదే చట్టంలో 42వ సెక్షన్ కూడా ఉంది, ఫలానా రకం మీద ఇంకొకరికి హక్కు ఉందని తెలియక వేసుకున్న రైతుని ఉల్లంఘించినవాడిగా చూడకూడదని.

మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, హక్కు ఉన్నా కేసు వేయకుండా ఎవరూ ఆపలేరు. కేసు వేస్తేనే సగం మంది భయపడి ఒప్పందం మీద సంతకం పెట్టేస్తారు, ఆ భయమే వాళ్లకి కావాల్సింది. మీరు సిటీలో ఉన్నారు కాబట్టి ఒక పని చేయండి, 39, 42 సెక్షన్లు తెలుగులో ప్రింట్ తీసి నాన్నగారికి ఇవ్వండి, రైతు వేదికలో ఒక కాపీ అంటించమనండి.

ప్రశ్న: మేడమ్, నాకు ఉప్పల్‌లో మిద్దె తోట ఉంది. మా గ్రూపులో నాటు బీర, సొర, చిక్కుడు గింజలు మార్చుకుంటాం. ఇదీ తప్పేనా? ఆన్‌లైన్లో అమ్మితే?

జవాబు: మార్చుకోవడం తప్పు కాదమ్మా, నిశ్చింతగా చేసుకోండి, పోస్టులో పంపేటప్పుడు కవరు మీద ఏ ఊరి విత్తనమో, ఏ నెలలో తీసిందో రాస్తే తీసుకున్నవాళ్లకి పనికొస్తుంది. పేరు పెట్టి ప్యాకెట్లు కట్టి ఆన్‌లైన్లో రెగ్యులర్‌గా అమ్మాలనుకుంటే మాత్రం అది విత్తన వ్యాపారం, వ్యవసాయ శాఖ లైసెన్సు తీసుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లా. పత్తి ప్యాకెట్ల రేటు ఏటేటా పెరుగుతుంది. పోయినేడు పంటలో గింజలు తీసి వేసుకోవచ్చా? ఊర్లకి లూజుగా బీజీ-3 అని కూడా వస్తుంది, గడ్డి మందు కొట్టినా పత్తి చావదంటున్నరు, అది తీసుకోవచ్చా?

జవాబు: రెండూ వేరు వేరు సంగతులు తమ్ముడూ.

మీరు కొనేది హైబ్రిడ్. దాని గింజ దాచుకోవడానికి చట్టం అడ్డం రాదు, కానీ రెండో ఏడు వేస్తే చేను ఒక్క తీరుగా రాదు, ఒక మొక్క నడుము దాకా, ఒకటి భుజం దాకా, కాయ సైజు తేడా, పగిలే టైము తేడా. హైబ్రిడ్ తల్లిదండ్రుల్లో ఒక్కదాని నుంచే బీటీ జన్యువు వచ్చి ఉంటే తర్వాతి తరంలో నాలుగు మొక్కల్లో ఒకదానికి ఆ జన్యువే ఉండదు, పురుగు దానికి పడుతుంది. అందుకే ఏటా కొనక తప్పట్లేదు. నాకు బాధనిపించేది ఇక్కడే, ఏ చట్టమూ లాక్కోకుండానే పత్తి రైతు చేతిలోంచి విత్తనం పోయింది. ప్రపంచంలో మొదటి పత్తి హైబ్రిడ్ 1970లో మన దేశంలోనే, గుజరాత్‌లో వచ్చింది, అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ లాంటి చోట్ల మాత్రం ఇప్పటికీ ఎక్కువగా హైబ్రిడ్ కాని సూటి రకాలే వేస్తారు. మన దగ్గర కూడా నాగ్‌పూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సూరజ్ బీటీ లాంటి సూటి రకాలు తెచ్చింది, వాటి గింజ దాచి మళ్లీ వేసుకోవచ్చు. అవి మన ఊళ్లలోకి పెద్దగా రాలేదు, షాపులకి వాటిలో లాభం లేదు, సర్కారు విత్తన సంస్థలు గట్టిగా పూనుకుంటే తప్ప రావు. మీ ఏఈవోని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి, పది మంది కలిసి అడిగితే ఇంకా మంచిది.

రేటు సంగతికి వస్తే, సర్కారు తలుచుకుంటే రేటు దిగుతుందని మనకి తెలుసు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల్ని అదుపు చేసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కి వెళ్తే 1,600 రూపాయల పైన ఉన్న 450 గ్రాముల బీటీ ప్యాకెట్ 750కి వచ్చింది. 2015 చివర్లో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది, అప్పట్నుంచి ఏటా గరిష్ఠ ధర కేంద్రమే ప్రకటిస్తుంది, 2025లో బీజీ-2 అనే బీటీ పత్తి ప్యాకెట్ 901 రూపాయలు ఉండేది. ఆ ఏడు ప్రకటించిన ధర కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా ఇవ్వకండి.

బీజీ-3 అని లూజుగా వచ్చేది మాత్రం ముట్టుకోకండి. దానికి కేంద్రం అనుమతి లేదు, అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనం అమ్మడం, పండించడం పర్యావరణ పరిరక్షణ చట్టం కింద, 1989 నిబంధనల కింద కుదరదు, రైతుల హక్కుల చట్టం మిమ్మల్ని అక్కడ కాపాడలేదు. బిల్లు ఉండదు, లాట్ నంబరు ఉండదు, మొలవకపోతే ఎవరినీ అడగలేరు.

ప్రశ్న: నేను రాజేంద్రనగర్‌లో అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నా. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో అంత పెద్ద జీన్ బ్యాంకు ఉంది కదా, ఇక రైతులు పాత విత్తనాలు దాచుకోవాల్సిన అవసరం ఏముంది?

జవాబు: ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలు అన్నీ కలిపి లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు ఉన్నాయి, అది మన హైదరాబాద్ పక్కన ఉండటం మనకి గొప్పే. కానీ అక్కడ విత్తనం మైనస్ 20 డిగ్రీల్లో నిద్రపోతుంది బాబూ, పెట్టిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. పొలంలో ఉన్న విత్తనం ఏటా ఎండ చూస్తుంది, కొత్త తెగులు చూస్తుంది, తట్టుకున్న మొక్క నుంచే రైతు మళ్లీ గింజ తీస్తాడు. రెండూ కావాలి, ఒకటుందని ఇంకోటి వద్దనుకోకూడదు.

ఒకసారి వీలు చేసుకుని జహీరాబాద్ వైపు వెళ్లు. పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఎన్నో ఏళ్లుగా ఊరి విత్తన బ్యాంకులు నడుపుతున్నాయి, ఎక్కువ మంది దళిత మహిళలే. మట్టి, పేడ పూసిన బుట్టలో అడుగున బూడిద, వేపాకు, దాని మీద విత్తనం, మళ్లీ బూడిద, మూత కూడా పేడతో మెత్తేస్తారు, పురుగు చేరదు. విత్తనం లేనామె వచ్చి ఒక కొలత తీసుకుపోతే పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి పోస్తుంది, మన పెద్దవాళ్లు నాగుకు తెచ్చుకున్నాం అనేవాళ్లు చూడు, ఆ పద్ధతే, కాకపోతే షావుకారు లేడు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది, ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది వీళ్లకి. నీ రికార్డు బుక్కులో రాసుకోవాల్సినవి అక్కడ చాలా దొరుకుతాయి.

ప్రశ్న: మా పెద్దాయన ఇరవై ఏళ్లుగా ఒక మిరప రకం ఎంపిక చేసుకుంటూ వచ్చాడు, కారం ఎక్కువ, రంగు బాగుంటది. చుట్టుపక్కల అందరం అదే వేస్తున్నం. రేపు ఏ కంపెనీ అయినా తీసుకుపోయి తనదే అంటే? – ఖమ్మం జిల్లా

జవాబు: ఆ భయం ఉండాల్సిందే, అందుకే ముందుగా మీరే రిజిస్టర్ చేయించండి. మన చట్టంలో మంచి విషయం ఏంటంటే బ్రీడర్‌కి ఇచ్చినట్టే రైతు రకానికి కూడా రిజిస్ట్రేషన్ ఇస్తారు. మిగతా రకాలతో పోలిస్తే తేడా కనిపించాలి, మొక్కలన్నీ ఒక్క తీరుగా ఉండాలి, ఏటేటా అట్లాగే రావాలి. రైతు రకానికి కొత్తదై ఉండాలన్న షరతు లేదు, ఇరవై ఏళ్లుగా వేస్తున్నదైనా పర్వాలేదు. ఫీజు కట్టక్కర్లేదు, 44వ సెక్షన్ రైతులకి, రైతు గుంపులకి మాఫీ చేసింది. మిరప లాంటి పంటలకి రక్షణ 15 ఏళ్లు ఉంటుంది. దరఖాస్తు ఢిల్లీలోని అథారిటీకి పోతుంది, మీ దగ్గర కృషి విజ్ఞాన కేంద్రంలో శాస్త్రవేత్త సాయం అడగండి, ఫారం నింపడం ఒక్కరి వల్ల కాదు. పెద్దాయన ఒక్కడి పేరు మీదా, ఊరందరి పేరు మీదా అన్నది ముందే కూర్చుని తేల్చుకోండి, తర్వాత గొడవలు వద్దు. నా సలహా అడిగితే అందరి పేరు మీదే, పెద్దాయన పేరు ముందు పెట్టి.

ప్రశ్న: కొత్త విత్తనాల బిల్లు వస్తే దాచుకునే హక్కు పోతుందని ఒకరు, పోదని ఒకరు. ఏది నమ్మాలి? – దిల్‌సుఖ్‌నగర్

జవాబు: 1966 చట్టం పాతబడిపోయింది, మార్చాలని 2004లో ఒక బిల్లు, 2019లో ఒక ముసాయిదా, 2025 నవంబర్‌లో ఇంకో ముసాయిదా వచ్చాయి. 2004 బిల్లులో ఒక పితలాటకం ఉండేది, రైతు తన విత్తనం అమ్ముకోవచ్చు గానీ సర్కారు పెట్టిన మొలక శాతం, స్వచ్ఛత లెక్కలకి తగ్గకూడదు అని, అంటే ఊళ్లో రెండు బస్తాలు ఇచ్చే రైతుకి కంపెనీ కొలబద్ద. దాని మీద గట్టిగా వ్యతిరేకత వచ్చింది. 2025 ముసాయిదాలో రైతు దాచుకోవడం, మార్చుకోవడం, పంచుకోవడం, బ్రాండు లేకుండా అమ్ముకోవడం ఉన్నాయి, పెద్ద నేరాలకి 30 లక్షల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా పెట్టారు. కాబట్టి కాగితం మీద హక్కు పోలేదు.

నా ఆందోళన వేరే చోట ఉంది. జరిమానా సర్కారు ఖజానాకి పోతుంది, పంట పోయిన రైతు చేతికి ఏం వస్తుంది? ఎన్ని రోజుల్లో ఎవరు లెక్కగట్టి ఎవరు ఇవ్వాలో విత్తన చట్టంలోనే రాయాలి. ఇంకోటి, విదేశాలతో వ్యాపార ఒప్పందాలప్పుడు యుపోవ్ 1991 అనే అంతర్జాతీయ ఒప్పందంలో చేరమని ఒత్తిడి వస్తుంటుంది. దాంట్లో రైతు తన పొలం వరకు విత్తనం దాచుకోవడం కూడా ఆయా ప్రభుత్వాలు ఇస్తేనే, ఇచ్చినా హద్దుల్లోనే, రక్షణ ఉన్న రకాన్ని పక్కవాడికి పంచే వీలు లేదు. ఇండియా అందులో సభ్య దేశం కాదు, ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) రూల్స్‌లో సొంత పద్ధతి పెట్టుకునే వెసులుబాటు ఉంది కాబట్టే మనం 2001 చట్టం తెచ్చుకోగలిగాం. ఆ 39వ సెక్షన్‌ని ఎవరు కదిలించాలని చూసినా ఎంపీని నిలదీయాల్సిందే, ఇందులో పార్టీల లెక్క చూడకండి.

ప్రశ్న: కంపెనీ విత్తనం కొన్నాం, సగం మొలవలేదు. డీలరు మీ నేల బాలేదంటడు. ఎక్కడికి పోవాలె? – షాద్‌నగర్

జవాబు: ముందు మీ వ్యవసాయ అధికారికి (ఏవోకి) రాతపూర్వకంగా ఇవ్వండి, పొలం చూసి రిపోర్టు రాయమని అడగండి, ఆ కాగితమే మీ బలం. బిల్లు, ఖాళీ సంచి, దాని మీద ట్యాగు, లాట్ నంబరు పారేయకండి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. రిజిస్టర్ అయిన రకమైతే కంపెనీ చెప్పిన దిగుబడి రాకపోయినా 39వ సెక్షన్ కిందే అథారిటీ దగ్గర పరిహారం అడగచ్చు. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. రైతు వినియోగదారుడు కాడు, విత్తన చట్టం ఉండగా ఇక్కడికి రాకూడదు అని కంపెనీలు వాదించేవి, 2012లో మన ఉమ్మడి రాష్ట్ర రైతులకీ జాతీయ విత్తన సంస్థకీ నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. ల్యాబ్ టెస్టుకి శాంపిల్ ఏదని అడిగితే, కొన్న విత్తనమంతా విత్తేసిన రైతు శాంపిల్ ఎక్కడ్నుంచి తెస్తాడని కోర్టే అన్నది. విత్తనానికి మీరు కట్టింది ఐదు లక్షల లోపే కాబట్టి కమిషన్‌లో ఫీజు ఉండదు, మీరు ఉండే జిల్లాలోనే వేయచ్చు, రెండేళ్లు దాటకుండా వేయండి.